కంపెనీ దిగజారుతోంది: ఉండాలా, మానేయాలా తేల్చుకునే పద్ధతి

2024 ఆగస్టు 1న చిప్పుల కంపెనీ ఇంటెల్ సుమారు 15,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. డివిడెండు కూడా ఆపేస్తున్నామంది. మర్నాడు ఒక్క రోజులో షేరు పావు వంతుకు పైగా పడిపోయింది. ఆ వారమంతా నాకు ఫోన్లే. అక్కడ పనిచేసేవాళ్లే కాదు, దాన్ని చూసి తమ కంపెనీ గురించి భయం పట్టుకున్నవాళ్లు కూడా చేశారు. హైదరాబాద్ రాయదుర్గం నుంచి ఒకరు, బెంగళూరు నుంచి ఒకరు, అమెరికాలోని హిల్స్‌బరో నుంచి ఒకరు. అందరిదీ ఒకటే ప్రశ్న: "అక్కా, ఉండమంటావా, మానేయమంటావా?"

నాది చిప్ వెరిఫికేషన్ పని, అంటే చిప్పు తయారీకి వెళ్లేముందు డిజైనులో తప్పులు పట్టుకోవడం. ఒక పెద్ద అమెరికన్ కంపెనీ హైదరాబాద్ ఆఫీసులో చాలా ఏళ్లు చేశాను. అది పడిపోవడం లోపలినుంచి చూశాను, తర్వాత బయటికి వచ్చాను. ఇప్పుడు జూనియర్లు అడిగితే చెప్పేది ఇదే. ఇందులో నా అభిప్రాయాలు ఉన్నాయి, వాటిని దాచను.

ముందు రెండు ప్రశ్నల్ని విడదీయండి

కంపెనీ పడిపోతోందా అన్నది ఒక ప్రశ్న. మీరు కూర్చున్న చోటు పడిపోతోందా అన్నది ఇంకో ప్రశ్న. చెరువు ఎండేటప్పుడు అన్ని మూలలా ఒకేసారి ఎండదు. వార్తలు చెప్పేది చెరువు సంగతి. మీరు తెలుసుకోవాల్సింది మీ మూలన లోతెంతో.

ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీనే తీసుకోండి. 2013లో డబ్బుకి ఇబ్బందై ఆస్టిన్‌లోని క్యాంపస్ భవనాలు అమ్మి, వాటిలోనే అద్దెకుంది. 2015లో షేరు రెండు డాలర్ల లోపుకి వచ్చింది. పేపరు చదివి నిర్ణయం తీసుకునేవాడెవడైనా అప్పుడు మానేసేవాడే. కానీ ఆ రోజుల్లోనే కంపెనీ మిగతా పనులు తగ్గించుకుని జెన్ అనే కొత్త ప్రాసెసర్ డిజైను మీద పట్టుబట్టి కూర్చుంది. 2017 మార్చిలో ఆ డిజైనుతో రైజెన్ ప్రాసెసర్ వచ్చింది. అది వచ్చాక, "జెన్ మీద చేశాను" అన్న ఒక్క లైను రెజ్యూమేలో ఉన్నవాళ్లని ఇంటర్వ్యూ చేసినప్పుడు ఆ లైను దగ్గర నేనే ఆగిపోయి, వాళ్లు చెప్పేది వినేదాన్ని.

నోకియాది తలకిందుల కథ. 2011 ఫిబ్రవరిలో విండోస్ ఫోన్ వైపు వెళ్తున్నామని ప్రకటించేనాటికి సింబియన్ అనే తన పాత సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఫోన్లు ఇంకా కోట్లలో అమ్ముడవుతున్నాయి. డబ్బు వస్తూనే ఉంది. అయినా సింబియన్ ఒక్కటే తెలిసిన ఇంజనీరుకి ఆ రోజే లెక్క మారిపోయింది. తర్వాత ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది, 2014 నవంబరు 1న చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులోని నోకియా ఫ్యాక్టరీ మూతపడింది, 2015లో మైక్రోసాఫ్ట్ ఆ కొనుగోలు మీద 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేసి, మరో 7,800 మందిని తీసేసింది.

కాబట్టి మీ టీము తెచ్చే ఆదాయం చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. షేరు చూసి భయపడొద్దు, షేరు లేచిందని నిశ్చింతగా కూర్చోనూ వద్దు. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం ఇంటెల్‌లో సుమారు పదో వంతు వాటా తీసుకుంది, సెప్టెంబరులో ఎన్‌విడియా 500 కోట్ల డాలర్లు పెడతానంది, షేరు లేచింది. అదే ఏడాది అక్కడ వేలమంది ఉద్యోగాలు పోయాయి. రెండూ ఒకే కంపెనీలో, ఒకే సంవత్సరంలో.

ఏ గుర్తులు చూడాలి

టౌన్‌హాల్‌లో పైవాళ్లు ఏం మొదలుపెడతామంటున్నారో వినండి, కానీ ఏం ఆపేస్తున్నారో రాసి పెట్టుకోండి. ఇంటెల్ 2019లో స్మార్ట్‌ఫోన్ మోడెమ్ వ్యాపారాన్ని ఆపిల్‌కి అమ్మింది. 2020లో నాండ్ మెమరీ చిప్పుల వ్యాపారాన్ని కొరియా కంపెనీ ఎస్‌కే హైనిక్స్‌కి అమ్ముతున్నట్టు చెప్పింది. 2022లో ఆప్టేన్ అనే మెమరీ వ్యాపారాన్ని ఆపేసింది. ఈ మూడింటిలో పనిచేసినవాళ్లకి జరిగింది ఒకటి కాదు. మోడెమ్ టీములో సుమారు 2,200 మంది ఆపిల్ ఉద్యోగులయ్యారు. మూతపడిన విభాగంలో అలాంటి అవకాశం ఉండదు. అందుకే నేను అడగమనే మొదటి ప్రశ్న ఇది: రేపు మీ విభాగాన్ని అమ్మకానికి పెడితే కొనేవాడు ఎవరు? వెంటనే రెండు పేర్లు తడితే తొందరపడాల్సిన పని లేదు. ఎంత ఆలోచించినా ఒక్క పేరూ రాకపోతే ఆ రాత్రే రెజ్యూమే తెరవండి.

ఇక లోపలి గుర్తులు. ఒకరు మానేస్తే వాళ్ల స్థానంలో ఇంకొకరిని తీసుకుంటున్నారా, లేక ఆ పని మిగిలినవాళ్ల నెత్తిన పడుతోందా? చిప్పు డిజైనుని కంప్యూటర్ మీద పరీక్షించే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ లైసెన్సులు తగ్గించారా? రాత్రి వేసిన రన్లు పొద్దున్నకి క్యూలోనే ఉంటున్నాయా? టేపౌట్ (పూర్తయిన డిజైనుని తయారీకి పంపడం) తేదీ ఎన్నిసార్లు వెనక్కి జరిగింది, ప్రతిసారీ కారణం సాంకేతికమా, బడ్జెట్టా? సాంకేతిక కారణంతో జరిగితే నాకు పెద్ద బాధ లేదు, చిప్పుల పని అలాగే ఉంటుంది. బడ్జెట్ కారణంతో రెండోసారి జరిగిందంటే మీ ప్రాజెక్టు పైవాళ్ల మనసులో అప్పటికే వెనక వరసలోకి వెళ్లిపోయినట్టు.

ఎంతమంది వెళ్తున్నారన్నది అంత ముఖ్యం కాదు, ఎవరు వెళ్తున్నారన్నది చూడండి. ఎక్కడైనా ఉద్యోగం దొరికే సీనియర్ ఆర్కిటెక్టు కంపెనీలోనే వేరే టీముకి మారితే, ఆ టీము ఏదో కనుక్కోండి, మీరూ అడగండి. ఆయన కంపెనీయే వదిలేస్తే, వెళ్లేముందు ఓ కాఫీకి పిలిచి మాట్లాడండి. వెళ్లిపోయేవాళ్లు నిజం చెప్తారు, మనం అడగాలి అంతే.

కాఫీ అంటే గుర్తొచ్చింది. 2024లో ఖర్చు తగ్గించడానికి ఇంటెల్ ఆఫీసుల్లో ఉచిత కాఫీ తీసేసి, కొన్ని నెలలకే మళ్లీ పెట్టారు. క్యాంటీన్, క్యాబ్, టీమ్ లంచ్ లాంటివి పోతే మనసు చివుక్కుమంటుంది, నిజమే. కానీ వాటిని గుర్తుల కింద లెక్కపెట్టకండి. బాగున్న కంపెనీలూ అవి తీసేస్తాయి.

మీ పన్నెండు నెలలు కాగితం మీద పెట్టండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టమంటాను.

ఒక ఆదివారం పొద్దున్న కూర్చుని, గత పన్నెండు నెలల్లో చేసిన పని రాయండి. మీ కంపెనీలో తప్ప ఎక్కడా వాడని పేర్లు ఒక్కటి కూడా రాయకూడదు. ప్రాజెక్టు కోడ్‌నేములు, లోపలి టూళ్ల పేర్లు, కమిటీల పేర్లు, ఏవీ వద్దు. వేరే కంపెనీలో అదే పని చేసే స్నేహితుడికి చదివి వినిపించండి. అతను మధ్యలో ఆపి "అదెలా చేశారు?" అని అడిగితే మీ ఏడాది వృథా కాలేదు. "ఓహో" అని ఊరుకుంటే మనసుకి కష్టమైనా దాన్ని నమ్మండి.

మా రంగంలో ఉదాహరణ చెప్తాను. యూవీఎమ్ బెంచి (చిప్పుని పరీక్షించే ఏర్పాటు) మొదటినుంచీ కట్టడం, చిప్పుల్ని కలిపే పీసీఐఈ కొత్త తరం మీదో సీఎక్స్ఎల్ మీదో పనిచేయడం, ఫార్మల్ వెరిఫికేషన్ (డిజైను సరైనదని గణితంతో రుజువు చేయడం), చిప్పు తయారై వచ్చాక బగ్ దొరకబుచ్చుకోవడం, ఇవి బయట చెల్లుతాయి. లోపలి స్క్రిప్టులకి మరమ్మతులు, పాత చిప్పు టెస్టుల్ని కొత్త చిప్పుకి మార్చడం, స్టేటస్ స్లైడ్లు, ఇవి చెల్లవు. దిగజారుతున్న కంపెనీలో మనకి తెలియకుండానే రెండో రకం పని పెరుగుతుంది. జీతం అంతే వస్తుంది, అప్రైజల్ కూడా బాగానే ఉంటుంది, ఎందుకంటే ఆ పాత స్క్రిప్టులు తెలిసినవాళ్లు మీరొక్కరే మిగిలారు. మీరు లేకపోతే కుదరదని మేనేజరు అంటుంటే సంతోషంగా ఉంటుంది. ఆ సంతోషంలో రెండు మూడేళ్లు గడిపినవాళ్లని ఇంటర్వ్యూల్లో చూశాను. తెలివైన పిల్లలు, గొంతు తడారిపోయి కూర్చునేవాళ్లు. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ బాధ.

నేను మానేసింది కూడా ఇందుకే. లేఆఫ్ జాబితాలో నా పేరు లేదు, జీతమూ తగ్గలేదు. కాగితం మీద బయటికి చెప్పుకోదగ్గ లైను ఒక్కటే వచ్చింది.

అందరికీ ఇదే జవాబు రాదు. మీ కాగితం నిండుగా ఉంటే, కంపెనీ ఎంత పడిపోతున్నా ఉండండి. మనుషులు తగ్గినచోట పెద్ద పని చిన్నవాళ్ల చేతికి వస్తుంది. నాలుగేళ్ల అనుభవానికి ఒక బ్లాకు, అంటే చిప్పులో ఒక భాగం, మొత్తం మీదే అంటే, బాగున్న కంపెనీలో అది దొరకదు.

ఇంటి లెక్క

ఆర్‌ఎస్‌యూలు (జీతంతోపాటు కంపెనీ విడతలవారీగా ఇచ్చే షేర్లు): ఇచ్చినప్పటి ధర మరిచిపోండి. 50 డాలర్లు ఉన్నప్పుడు 400 యూనిట్లు ఇచ్చారనుకోండి, అంటే 20,000 డాలర్లు. సగం వెస్టయ్యాయి, అంటే మీ సొంతమయ్యాయి, 200 మిగిలాయి. మనసులో అవి ఇంకా 10,000 డాలర్లే. షేరు 20కి పడితే అవి 4,000. వచ్చే ఏడాది చేతికొచ్చేది అందులో సగం, 2,000 డాలర్లు, దాని మీద పన్ను. ఈ మొత్తం కోసం ఒక ఏడాది ఆగుతారా అని అడగాలి. చాలామంది 10,000 కోసం ఆగుతున్నామనుకుంటూ 2,000 కోసం ఆగుతారు. కొత్త కంపెనీతో మాట్లాడేటప్పుడు పోయే యూనిట్లకి బదులు జాయినింగ్ బోనస్ అడగండి. అయితే అది ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలా అన్నది చదివాకే సంతకం పెట్టండి.

గ్రాట్యుటీ: శాశ్వత ఉద్యోగికి ఐదేళ్లు నిండాలి. ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున, నెలకి 26 రోజుల లెక్కన ఇస్తారు. బేసిక్ 80,000 ఉంటే ఐదేళ్లకి దాదాపు 2,30,000 రూపాయలు. నాలుగేళ్ల ఎనిమిది నెలలు అయినవాళ్లు చివరి పనిరోజు ఐదేళ్లు దాటాక పడేలా చూసుకుంటే చాలు. నోటీసు పీరియడ్ 90 రోజులుంటే ఆ రోజులూ సర్వీసులోకే వస్తాయి.

పీఎఫ్ విషయంలో చెప్పేది ఒకటే: తీసేయకండి, కొత్త కంపెనీకి బదిలీ చేయించుకోండి. ఐదేళ్ల సర్వీసు కాకముందే తీసుకుంటే పన్ను పడుతుంది.

ఆరోగ్య బీమా సంగతి ఎవరూ ముందు ఆలోచించరు. బాపట్లలో ఉన్న అమ్మకి షుగరు, నాన్నకి స్టెంట్ ఉంటే, వాళ్లకున్నది కంపెనీ పాలసీ ఒక్కటే అయితే, చివరి పనిరోజుతో అది పోతుంది. విడిగా పాలసీ తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బులకి మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. అందుకే ఉద్యోగంలో ఉండగానే అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారడం గురించి అడగండి, గ్రూపు పాలసీలో గడిచిన కాలం కలిసొస్తుందేమో రాతపూర్వకంగా తెలుసుకోండి. మీరు మానేసినా మానేయకపోయినా ఈ పని ఈ నెలలోనే చేయండి.

ప్యాకేజీ వస్తుందని ఎదురుచూడటం తప్పు కాదు. స్వచ్ఛందంగా వెళ్లేవాళ్లకి ఇన్ని నెలల జీతం ఇస్తామని ప్రకటించారంటే, ముందు వారం రాజీనామా చేసినవాళ్లకి ఏమీ రాదు. కానీ ప్రకటించని ప్యాకేజీ కోసం చేతిలో ఉన్న ఆఫర్ వదులుకోవద్దు.

ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయనో, "అంత పెద్ద పేరున్న కంపెనీ వదిలేస్తావా" అని పెద్దవాళ్లు అంటున్నారనో ఆగేవాళ్లు ఉన్నారు. దాన్ని చిన్నబుచ్చను, ఆ పేరుకి మన ఇళ్లలో విలువ ఉంది. పెద్దవాళ్లకి షేరు పటం చూపించకండి, మీ కాగితం చూపించండి. ఏడాదిలో ఏం నేర్చుకున్నావో, ఏం నేర్చుకోలేదో చెప్తే మా నాన్నలాంటి బడిపంతుళ్లకి ఇట్టే అర్థమవుతుంది.

తేదీ రాసుకోండి

ఇవన్నీ చూశాక, ఏం జరిగితే మానేస్తారో మూడు షరతులు రాయండి, ఒక తేదీ వేయండి. "మార్చి 31 లోపు టేపౌట్ కాకపోతే." "మా మేనేజరు వెళ్లిపోతే." "కొత్త చిప్పులో నాకు బ్లాకు ఇవ్వకపోతే." మొగుడికో పెళ్లానికో, నమ్మకమైన స్నేహితురాలికో చూపించి ఉంచండి. కంపెనీ టీముల్ని మార్చిన (రీఆర్గ్) ప్రతిసారీ తర్వాత రాత్రుళ్లు మేలుకుని మళ్లీ మొదటినుంచి ఆలోచించే బాధ దీంతో తప్పుతుంది. ఆ తేదీ వచ్చేలోపు ఇంటర్వ్యూలకి వెళ్తూనే ఉండండి, అవసరం లేకపోయినా సరే. ఆఫర్ చేతికి రాకుండా రాజీనామా చేయొద్దు. ఆరోగ్యం పాడవుతుంటే మాత్రం వేరు, అప్పుడు ఆరు నెలల ఈఎంఐ పక్కన పెట్టుకుని బయటపడండి.

అమెరికాలో ఉంటే

హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకి లెక్క వేరు. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు గడువు. ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే రికార్డు) అంతకన్నా ముందే ముగిసిపోతే అప్పటిదాకానే. అందుకే అక్కడ తీసేసేదాకా ఆగడం ఇక్కడికన్నా చాలా ఖరీదైన పని. కొత్త కంపెనీ బదిలీ పిటిషన్ వేయగానే అక్కడ పని మొదలుపెట్టవచ్చు.

గ్రీన్‌కార్డు ఆగిపోతుందన్న భయంతో కదలనివాళ్లు చాలామంది. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ ఆమోదమై 180 రోజులు దాటితే, ఆ తర్వాత పాత కంపెనీ వెనక్కి తీసుకున్నంత మాత్రాన అది రద్దు కాదు. ప్రయారిటీ తేదీ (గ్రీన్‌కార్డు వరసలో మీ చోటు తేల్చే తేదీ) మీదే. కొత్త కంపెనీ పర్మ్ (గ్రీన్‌కార్డుకి ముందు అమెరికా కార్మిక శాఖ నుంచి తీసుకునే ధ్రువీకరణ) మళ్లీ మొదలుపెట్టాలి, వరసలో మీ చోటు మాత్రం పోదు. ఇంకా పర్మ్ దశలోనే ఉంటే జాగ్రత్త. గత ఆరు నెలల్లో అదే ప్రాంతంలో, అదే రకం పనిలో లేఆఫ్‌లు చేసిన కంపెనీ, తీసేసినవాళ్లకి ముందు ఆ ఉద్యోగం గురించి తెలియజేసి, వాళ్లని పరిశీలించాలి. ఆ చిక్కు వల్ల పెద్ద కంపెనీలు పర్మ్‌లే ఆపేస్తుంటాయి. మీ పర్మ్ ఆగిపోయి, మళ్లీ ఎప్పుడో చెప్పడం లేదంటే, మీ అన్ని షరతులకన్నా అది బలమైన కారణం. ఏ అడుగు వేసేముందైనా సొంత లాయరుతో ఒక్కసారి మాట్లాడండి. కంపెనీ లాయరు కంపెనీ తరఫు మనిషి.

నిర్ణయం అయిపోయాక

రాజీనామా మెయిల్ పంపేముందే పేస్లిప్పులు, ఫారం 16లు, అప్రైజల్ లెటర్లు, షేర్ల ఖాతా స్టేట్‌మెంట్లు సొంత మెయిల్‌కి చేర్చుకోండి. కోడ్, డిజైన్ పత్రాలు ఒక్క ముక్క కూడా ముట్టుకోవద్దు. షేర్ల ఖాతాకి ఆఫీసు మెయిల్ ఉంటే మార్చండి, లేకపోతే తర్వాత లాగిన్ కాలేక నెలలు పడుతుంది. ఆగిపొమ్మని పాత కంపెనీ నుంచి కౌంటర్ ఆఫర్ వస్తే, ఇస్తానంటున్నది డబ్బా, పనా అని అడగండి. పని అయితే కూర్చుని వినండి. చివరి రోజు రిలీవింగ్ లెటర్ ఏ తేదీకి ఇస్తారో, గ్రాట్యుటీ ఎప్పుడు వేస్తారో హెచ్‌ఆర్ దగ్గర మెయిల్‌లో తీసుకోండి. కంపెనీలో మనుషులు తగ్గుతున్నప్పుడు ఆ హెచ్‌ఆర్ అమ్మాయి కూడా వచ్చే నెల అక్కడ ఉండకపోవచ్చు.