నగరానికి ఆపద వచ్చినప్పుడు మేయర్ ప్రజలకు సందేశం ఎలా ఇవ్వాలి?

వరద, తుపాను, గ్యాస్ లీక్, బాంబు పేలుడు, అంటువ్యాధి, ఏది వచ్చినా నగరంలో జనం మొదట చెవి పెట్టేది తమ నగరానికి పెద్దగా ఉన్నవారు ఏం చెబుతున్నారా అనే. మేయర్ పేరుతో వెలువడే నాలుగైదు వాక్యాలను బట్టి కొన్ని వేల కుటుంబాలు ఇల్లు వదలాలో, ఉండిపోవాలో తేల్చుకుంటాయి. ఆ వాక్యాలను ఎలా సిద్ధం చేయాలో, ఎప్పుడు చెప్పాలో, ఎవరి దాకా ఎలా చేర్చాలో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. మేయర్ కార్యాలయ సిబ్బందికి, కార్పొరేటర్లకు, వార్డు స్థాయి ఉద్యోగులకు ఇది నేరుగా పనికొస్తుంది. మిగతా పాఠకులకు, తమ నగరం నుంచి వచ్చే ప్రకటనలో ఏమేమి ఉండాలని నిలదీసి అడగవచ్చో తెలుస్తుంది.

మాట్లాడేది ఎవరో ముందే తేల్చుకోండి

మేయర్ అధికారం అన్నిచోట్లా ఒకటి కాదు. న్యూయార్క్ మేయర్ నేరుగా ప్రజల ఓట్లతో ఎన్నికై, పోలీసు, అగ్నిమాపక శాఖలతో సహా నగర యంత్రాంగాన్నంతా నడుపుతారు. ప్రమాద ప్రాంతాన్ని ఖాళీ చేయమని ఆదేశించగలరు. మన హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ నగరాల్లో కార్యనిర్వహణ కమిషనర్ చేతిలో ఉంటుంది, పోలీసులు రాష్ట్ర ప్రభుత్వం కింద ఉంటారు, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా స్థాయి ప్రాధికార సంస్థకు కలెక్టర్ నాయకత్వం వహిస్తారు. కాబట్టి మన మేయర్ ముఖ్యమైన పని, ఆ అధికారులు తీసుకున్న నిర్ణయాన్ని బస్తీలోని మనిషికి అర్థమయ్యేలా, నమ్మకం కలిగేలా చేర్చడం. కార్పొరేటర్ల ద్వారా ప్రతి వార్డుతోనూ సంబంధం ఉండేది మేయర్‌కే గనుక ఇది చిన్న పని కాదు. విశాఖలో 2012 నుంచి 2021 దాకా ఎన్నికైన పాలకవర్గం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీక్ రెండూ మేయరే లేని ఆ ఖాళీలోనే వచ్చాయి.

ఎవరు ఏ విషయం మాట్లాడాలో వానాకాలానికి ముందే కాగితం మీద రాసుకోవాలి. లేకపోతే ఒకే గంటలో రెండు మాటలు వినిపిస్తాయి. 2017 ఆగస్టులో హార్వీ తుపాను వస్తున్నప్పుడు హ్యూస్టన్ మేయర్ సిల్వెస్టర్ టర్నర్ నగరవాసులను ఇళ్లలోనే ఉండమన్నారు. టెక్సస్ గవర్నర్ గ్రెగ్ అబాట్ మాత్రం వెళ్లిపోవడం గురించి గట్టిగా ఆలోచించమన్నారు. టర్నర్ మాట వెనుక బలమైన కారణమే ఉంది. 2005లో రీటా తుపానుకు ముందు దాదాపు పాతిక లక్షలమంది ఒకేసారి రోడ్డెక్కడంతో, గంటల తరబడి కదలని ట్రాఫిక్‌లో, ఎండలో, ప్రమాదాల్లో సుమారు వందమంది చనిపోయారు. అయినా తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్న ఆ నగరంలో రెండు రకాల మాటలు విన్నవారికి ఏది పాటించాలో తేల్చుకోవడానికే సమయం పోయింది. ప్రకటన విడుదలయ్యే ముందు మేయర్, కమిషనర్, కలెక్టర్, పోలీసు కమిషనర్ ఒక్క ఐదు నిమిషాలు ఫోన్‌లో కలిసి మాట్లాడుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

ఇల్లు, గంట, దారి చెప్పండి

హెచ్చరికల మీద దశాబ్దాలు పరిశోధన చేసిన అమెరికా సామాజిక శాస్త్రవేత్త డెనిస్ మిలెటి ఒక మంచి హెచ్చరికలో ఐదు అంశాలు ఉండాలన్నారు. చెబుతున్నది ఎవరు, వస్తున్న ప్రమాదం ఏమిటి, అది ఎక్కడికి వస్తుంది, ఎప్పుడు వస్తుంది, వినేవారు ఏం చేయాలి. ఈ ఐదింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మనిషి ఆగిపోతాడు. పక్కింటివారిని అడుగుతాడు, టీవీ పెడతాడు, బంధువులకు ఫోన్ చేస్తాడు. ఆ వెతుకులాటలో పోయే సమయం వరద నీటికి కలిసొస్తుంది.

మన ప్రకటనల్లో ఎక్కువగా లోపించేవి చివరి మూడు. 'లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి' అనే వాక్యం ప్రతి వర్షానికీ వస్తుంది. తన ఇల్లు లోతట్టున ఉందని ఎవరూ అనుకోరు, పైగా అప్రమత్తంగా ఉండటమంటే మేలుకొని ఉండాలా, సామాను మేడ మీదికి చేర్చాలా, పిల్లలను తీసుకుని వెళ్లిపోవాలా అన్నది అందులో లేదు. 'సహాయక చర్యలు యుద్ధప్రాతిపదికన సాగుతున్నాయి', 'ఎవరూ ఆందోళన చెందవద్దు' అన్న వాక్యాలూ అంతే. మొదటి ప్రకటనలో వాటిని పూర్తిగా తీసేయమని నా సలహా. అవి తీసేసినందువల్ల వినేవారికి పోయే సమాచారం ఏమీ లేదు.

క్యూసెక్కుల లెక్క కూడా ఇంజనీర్లకే పనికొస్తుంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వెళ్తున్నాయని టీవీలన్నీ చెప్పాయి. కానీ విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచింది బుడమేరు వాగు, అక్కడివారికి కావలసింది తమ వీధిలో నీళ్లు నడుము దాకా వస్తాయా, మొదటి అంతస్తు దాకా వస్తాయా అన్న సంగతి. అంకెలు వాడకూడదని కాదు. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఏ అడుగు దగ్గర ఏ కాలనీ మునుగుతుందో, ఏ రోడ్డు తెగుతుందో అక్కడివారు ఏళ్ల తరబడి చూసి ఉన్నారు గనుక ఆ అంకె వినగానే ఏం చేయాలో వారికి తెలుస్తుంది. ప్రతి నగరమూ తన నాలాలకు, చెరువులకు ఇలాంటి కొలతలు ముందే నిర్ణయించి ప్రజలకు అలవాటు చేయాలి.

మూసీకి వరద వచ్చే రాత్రి కోసం నేను రాసిన నమూనా ఇది. గంటలు, స్థలాలు ఉదాహరణకు వేసినవే:

"నేను మీ మేయర్‌ను మాట్లాడుతున్నాను. హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారు. ఈ రాత్రి 10 గంటలకల్లా చాదర్‌ఘాట్ దగ్గర మూసీ నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. మూసానగర్, శంకర్‌నగర్‌లలో నది పక్కన ఉన్న ప్రతి ఇంటివారూ 8 గంటలలోపు ఖాళీ చేయాలి. మీ బస్తీ మొదట్లో బస్సులు ఆగి ఉన్నాయి, అవి మిమ్మల్ని ప్రభుత్వ పాఠశాలకు చేరుస్తాయి. అక్కడ అన్నం, నీళ్లు, పిల్లలకు పాలు సిద్ధంగా ఉన్నాయి, డాక్టరు కూడా ఉంటారు. ఆధార్, రేషన్ కార్డు, రోజూ వేసుకునే మందులు, ఫోను తీసుకుని రండి. మీ ఇళ్ల దగ్గర పోలీసులు కాపలా ఉంటారు. 9 గంటలకు మళ్లీ మాట్లాడతాను."

ఇందులో రెండు వాక్యాలు నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఒకటి కాపలా సంగతి. బస్తీల్లో చాలామంది కదలకపోవడానికి కారణం ప్రమాదం తెలియక కాదు. ఇల్లు వదిలితే గ్యాస్ సిలిండరు, టీవీ, పెట్టెలో దాచుకున్న నాలుగు రూపాయలు ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయం. రెండోది బస్సుల సంగతి. ఈ రెండూ నిజంగా ఏర్పాటయ్యాకే ప్రకటనలో రాయాలి. బస్సు ఉందని చెప్పి, జనం సంచులతో వచ్చి నిలబడినప్పుడు అక్కడ బస్సు లేకపోతే, ఆ తర్వాత మేయర్ చెప్పే ఏ మాటా ఆ బస్తీలో చెల్లదు.

వేళ మించకముందే చెప్పండి

న్యూ ఆర్లియన్స్‌లో మేయర్ రే నేగిన్ తప్పనిసరిగా ఖాళీ చేయాలని 2005 ఆగస్టు 28 ఆదివారం ఉదయం ఆదేశించారు. కత్రీనా తుపాను మర్నాడు తెల్లవారుజామున తీరం దాటింది. ఒక్క రోజు కూడా లేని ఆ వ్యవధిలో కారున్నవారు వెళ్లగలిగారు. కారు లేని పేదలు, వృద్ధులు పెద్ద సంఖ్యలో ఉండిపోయారు. ఆదేశం ఇచ్చినంత మాత్రాన జనం కదలలేరు, వారిని తరలించే ఏర్పాటు కూడా అదే ప్రకటనలో ఉండాలి. 2008లో గుస్తావ్ తుపానుకు ముందు ఆ నగరం వాహనం లేనివారిని బస్సుల్లో, రైళ్లలో తరలించింది.

న్యూయార్క్ అనుభవం మరింత ఆలోచింపజేస్తుంది. 2011 ఆగస్టులో ఐరీన్ తుపానుకు మేయర్ మైకేల్ బ్లూమ్‌బర్గ్ తీర ప్రాంతమైన జోన్ ఎ మొత్తాన్ని ఖాళీ చేయించారు. అనుకున్నంత నష్టం జరగలేదు. మరుసటి ఏడాది శాండీ తుపాను వచ్చినప్పుడు, 2012 అక్టోబరు 27 శనివారం నాడు ఖాళీ చేయాల్సిన అవసరం లేదన్నారు, ఆదివారం మాట మార్చి సుమారు 3,75,000 మందిని వెళ్లమన్నారు. ఆ సాయంత్రం 7 గంటలకే మెట్రో రైళ్లు ఆగిపోయాయి. చాలామంది వెళ్లలేదు, నగరంలో 40 మందికి పైగా చనిపోయారు. ఒకసారి చేసిన హెచ్చరిక ఫలించకపోతే ఆ సంగతి దాచకుండా, ఎందుకు చెప్పామో, ఎందుకు తప్పిందో వారంలోగా వివరించాలి. లేకపోతే తర్వాతి హెచ్చరికకు జనం ఇంట్లోనే కూర్చుంటారు.

తెలిసినదాన్ని, తెలియనిదాన్ని విడదీయండి

మొదటి గంటల్లో వచ్చే సమాచారం చాలాసార్లు తప్పుతుంది. 2005 జులై 7 ఉదయం లండన్ భూగర్భ రైళ్లలో బాంబులు పేలినప్పుడు మొదట వెలువడిన మాట విద్యుత్ సరఫరాలో లోపమని. ఏం జరిగిందో తేలకముందే కారణం చెప్పకండి. ఏ స్టేషన్లు మూసేశారో, ఇళ్లకు ఎలా చేరాలో చెప్పండి.

మృతుల సంఖ్య విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 2001 సెప్టెంబరు 11న ఎంతమంది పోయి ఉంటారని విలేఖరులు అడిగితే న్యూయార్క్ మేయర్ రూడీ జూలియానీ ఊహాగానం చేయలేదు. ఆ సంఖ్య మనలో ఎవరూ తట్టుకోలేనంత ఉంటుందని మాత్రమే అన్నారు. బాధను ఒప్పుకున్నారు, లెక్కను వాయిదా వేశారు. కత్రీనా తర్వాత నేగిన్ పది వేల మంది దాకా చనిపోయి ఉండవచ్చన్నారు. చివరికి అన్ని రాష్ట్రాల్లో కలిపినా లెక్క రెండు వేల లోపే తేలింది. ఆ మధ్యకాలంలో ఆత్మీయుల జాడ తెలియని కుటుంబాలు ఆ అంకెతో ఎంత తల్లడిల్లి ఉంటాయో రాసేవారు తలచుకోవాలి.

మళ్లీ ఎప్పుడు మాట్లాడతారో చెప్పి, ఆ గంటకు తప్పకుండా రండి

కొత్త సంగతి ఏమీ లేకపోయినా చెప్పిన వేళకు వచ్చి, పరిస్థితి మారలేదని చెప్పాలి. అధికారిక స్వరం ఆగిన చోట వాట్సాప్ మొదలవుతుంది. విశాఖ గ్యాస్ లీక్ జరిగిన నాటి రాత్రి మళ్లీ లీకైందన్న వార్త పాకి, జనం చీకట్లో పిల్లలను ఎత్తుకుని రోడ్ల మీదికి వచ్చేశారు. వదంతిని ఖండించేటప్పుడు దాన్ని మొదటి వాక్యంలోనే పెద్దగా తిరిగి చెప్పకండి. నిజాన్ని ముందు చెప్పి, ఆ తర్వాత ఫలానా వార్త అబద్ధమని ఒక్క ముక్కలో తేల్చేయండి.

అందరి దాకా చేర్చండి

హుద్‌హుద్ తర్వాత విశాఖలో కరెంటు లేదు, సెల్ టవర్లు పనిచేయలేదు. అలాంటి రోజున సోషల్ మీడియా పోస్టు ఎవరికీ చేరదు. మైకు కట్టిన ఆటో, బ్యాటరీతో నడిచే రేడియో, గుడి, మసీదు, చర్చి మైకులు, వార్డు సిబ్బంది ఇంటింటి పలకరింపు, ఇవన్నీ ముందే పథకంలో ఉండాలి. మైకులో చదివే పాఠం అర నిమిషానికి మించకూడదు, ఎందుకంటే ఆటో వీధి దాటిపోతుంది. ఏ ఇంటి ముందు నిలబడినవారికైనా స్థలం, గంట, దారి మూడూ ఆ అర నిమిషంలో వినిపించాలి.

హైదరాబాద్‌లో తెలుగుతోపాటు ఉర్దూ, హిందీ తప్పవు; భవన నిర్మాణ కూలీల శిబిరాల్లో ఒడియా, బెంగాలీ కూడా కావాలి. శాండీ రోజుల్లో బ్లూమ్‌బర్గ్ పక్కనే సంకేత భాషలో చెప్పేవారు నిలబడేవారు, ఆయన స్వయంగా స్పానిష్‌లోనూ మాట్లాడేవారు. మన మేయర్ల సమావేశాల్లో సంకేత భాష ఇంకా మామూలు విషయం కాకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

కొందరికి సందేశం చేరినా భయం అడ్డొస్తుంది. హార్వీ సమయంలో సరైన పత్రాలు లేని వలసదారులు సహాయ శిబిరానికి వస్తే పట్టుబడతామని జంకారు. న్యాయవాది కూడా అయిన టర్నర్, సహాయం అడిగినందుకు ఎవరినైనా దేశం నుంచి పంపేయబోతే తానే వారి తరఫున వాదిస్తానన్నారు. మన దగ్గర నాలా ఒడ్డున పట్టాలు లేని ఇళ్లవారికి ఇలాంటి భయమే ఉంటుంది, ఖాళీ చేస్తే మళ్లీ రానివ్వరేమోనని. ఈ విషయంలో ప్రభుత్వం నుంచి స్పష్టమైన హామీ తెచ్చుకుని, దాన్ని మేయర్ నోటితో చెప్పించాలి.

నిర్ణయం మారితే వెంటనే, నేరుగా చెప్పండి

శాండీ తర్వాత నగరం చీకట్లో ఉండగానే నవంబరు 4 మారథాన్ జరుగుతుందని బ్లూమ్‌బర్గ్ పట్టుబట్టారు. విమర్శలు పెరిగాక రెండు రోజుల ముందు రద్దు చేశారు. అప్పటికే దూరాల నుంచి పరుగు కోసం వచ్చినవారున్నారు, ఇళ్లు పోగొట్టుకున్నవారి మనసు నొచ్చుకుంది. మార్పు తప్పదనిపిస్తే ఆ రోజే చెప్పడం మంచిది.

నీళ్లు తీశాక కూడా మాట్లాడండి

ఇంటికి తిరిగి వెళ్లే రోజుకు వేరే ప్రకటన కావాలి. మీటరు తడిసి ఉంటే కరెంటు వాళ్లు వచ్చి చూసేదాకా స్విచ్ వేయకూడదని, సంపులోని నీళ్లు తోడేసి బ్లీచింగ్ చల్లాలని, తాగే నీళ్లు కాచుకోవాలని, పాములుంటాయి గనుక చీకట్లో సామాను కదపకూడదని చెప్పాలి. నష్టపరిహారం జాబితా ఎక్కడ రాస్తున్నారో, ఏ కాగితాలు తేవాలో, పేరు రాకపోతే ఎవరిని కలవాలో అందులోనే ఉండాలి.

చివరగా, విడుదలైన ప్రతి ప్రకటననూ గంటతో సహా భద్రపరచి, ఏ బస్తీ కదిలింది, ఏ బస్తీ ఎందుకు కదలలేదు అన్నది వార్డుల వారీగా అక్కడివారినే అడిగి రాసుకోవాలి. న్యూయార్క్ శాండీ తర్వాత అలా వెనక్కి చూసుకుని, 2013లో పాత జోన్లను తీసేసి 1 నుంచి 6 దాకా అంకెలతో కొత్త జోన్లు గీసింది. అక్కడివారు ఇప్పుడు తమ చిరునామా చెప్పి జోన్ అంకె తెలుసుకోవచ్చు.