మామూలు మనిషి చెయ్యెత్తే కథ రాయాలంటే

అమలాపురం చుట్టుపక్కల షార్ట్ ఫిల్మ్ తీద్దామని స్క్రిప్టు పట్టుకుని నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో చాలామంది తెచ్చే కథ ఒకటే. ఊరి నుంచి హైదరాబాద్ వెళ్లిన నెమ్మదస్తుడు రౌడీ అవుతాడు. నాకు ఎంతో ఇష్టమైన కథ అది. అయితే రెండో సీన్‌లో అవమానం, మూడో సీన్‌లో కత్తి. ఆ మధ్యలో మనిషి మాయమైపోతున్నాడు. ఆ మధ్యని రాయడమే అసలు పని. పరిషత్తు నాటకాలాడే రోజుల నుంచి నేను నమ్ముతున్నది ఇదే.

కథ కంటే ముందు అప్పు లెక్క రాసుకోండి. మన మనిషి పేరు సత్తిబాబు అనుకుందాం. రాజోలు వైపు కౌలు రైతు. 2011లో కోనసీమ రైతులు సార్వాకు, అంటే ఖరీఫ్ పంటకు, విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేదు, కూలి ఖర్చు పెరిగింది, మురుగు కాలవలు పూడిపోయి చేలు మునుగుతున్నాయి. సొంత పొలం ఉన్నవాడు ఒక పంట వదులుకుని ఎలాగో నెట్టుకొస్తాడు. కౌలుదారుకి ఆ ఆసరా లేదు. పాస్‌పుస్తకం భూమి గలాయన పేరున ఉంటుంది కాబట్టి బ్యాంకులో అప్పు పుట్టడం కష్టం. బయట నూటికి 3 రూపాయల వడ్డీకి 2 లక్షలు తెచ్చాడంటే నెలనెలా 6,000 వడ్డీకే పోతాయి. సినిమా మొత్తం ఆ 6,000 సత్తిబాబు వెంట నడవాలి. ఏ సీన్ రాసినా ఈ నెల వడ్డీ కట్టాడా లేదా అన్నది మీకు తెలిసి ఉండాలి.

ఇక మర్యాద. సత్తిబాబుకి డబ్బు లేకపోయినా ఊళ్లో టీ కొట్టు దగ్గర ‘రండి సత్తిబాబు గారూ’ అని బెంచీ మీద జరిగి కూర్చోబెట్టేవాళ్లున్నారు. కూకట్‌పల్లిలో వాచ్‌మన్ కూడా ‘ఏయ్, ఎవరు కావాలి?’ అంటాడు. దీన్ని డైలాగుల్లో చెప్పించకండి. ఊరి సీన్ ఒకటి, సిటీ సీన్ ఒకటి పక్కపక్కన పెట్టండి, చాలు. మన యాసని నవ్వు కోసం వాడొద్దని కూడా బతిమాలుతున్నాను. ‘ఆయ్’ అనేవాడు సినిమాల్లో కమెడియనే అయి ఉండనక్కర్లేదు. భయపడుతూ ‘ఆయ్’ అంటే ఎలా ఉంటుందో ఒకసారి విని చూడండి.

తెలిసినవాడు ఫైనాన్స్ ఆఫీసులో రికవరీ పని ఇప్పిస్తాడు. కిస్తీలు కట్టని బండ్లు లాక్కురావడం. మొదట్లో సత్తిబాబు వెనక నిలబడతాడంతే. ఒక రోజు తోటి కుర్రాణ్ని ఎవరో కాలర్ పట్టుకుంటే విడిపించబోయి లాగి ఒకటి కొడతాడు. ఆ దెబ్బని తొందరగా దాటేయండి. దాని తర్వాతి రాత్రి మీద ఎక్కువసేపు నిలబడండి. ఆఫీసులో కుర్చీ వేస్తారు, బిర్యానీ తెప్పిస్తారు, నిన్నటిదాకా పేరు తెలియనివాళ్లు ‘అన్నా’ అంటారు. ఆ నెల ఇంటికి 6,000 వెళ్తాయి. మనిషి జారేది దెబ్బ దగ్గర అనుకుంటారు చాలామంది. నన్నడిగితే ఆ కుర్చీ దగ్గర జారతాడు. పోగొట్టుకున్న మర్యాద తిరిగి దొరికినప్పుడు, అది ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకునే ఓపిక ఎవరికుంటుంది?

మార్టిన్ స్కోర్సెసీ ‘టాక్సీ డ్రైవర్’ (1976) చూసినప్పుడు నెత్తుటి సీన్ల కంటే ముందు అందులో హీరో న్యూయార్క్‌లో రాత్రిళ్లు ఎంతసేపు టాక్సీ నడుపుతాడో గమనించండి. ఆ ఒంటరితనం మన ఒంటికి పట్టాకే తుపాకీ వస్తుంది. రామ్‌గోపాల్ వర్మ ‘సత్య’ (1998) లో ముంబయికి వచ్చినవాడి గతం దాదాపుగా చెప్పరు. అక్కడ అది బలం. మీరు దాన్ని అనుకరించకండి. మీకు తెలిసిన ఊరు, కాలవ, అప్పు ఉన్నాయి. అవే మీ బలం.

దెబ్బ తినేవాణ్ని కూడా మనిషిగానే రాయండి. అతణ్నీ మన గోదావరి వాణ్నే చేసి కన్నీళ్లు పెట్టించాలని కుర్రాళ్లకు ఉబలాటం. వద్దు. పాలమూరు నుంచి వచ్చి ఆటో నడుపుకునేవాణ్ని చేయండి. యాస వేరు, ఊరు వేరు, కష్టం మాత్రం ఒకటే. సత్తిబాబు అతనిలో తనని చూసుకోడు, చూసేవాళ్లం మనం. నాకు గుండె పట్టేసేది అక్కడే.

ఆయుధం కోసం వెతకొద్దు. బైక్ మీద తిరిగేవాడి చేతిలో హెల్మెట్ ఉంటుంది. ఆటో అద్దం, తర్వాత ఆటో అతని తల. అక్కడితో కట్ చేయకుండా గాంధీ ఆసుపత్రికి వెళ్లండి. కొట్లాట గాయం కాబట్టి డ్యూటీ డాక్టర్ మెడికో లీగల్ కేసుగా రాసుకుని పోలీసులకి కబురు చేస్తాడు. ‘ఎలా తగిలింది?’ అని అడిగినప్పుడు గాయపడినవాడి భార్య ఎవరి వైపు చూస్తుందో రాయండి.

చట్టం దగ్గర ఏడాది సరిచూసుకోండి. నేరం 2024 జూలై 1కి ముందు జరిగితే ఐపీసీ, హత్యాయత్నానికి సెక్షన్ 307. ఆ తేదీ నుంచి భారతీయ న్యాయ సంహిత, అందులో అదే నేరానికి సెక్షన్ 109. అరెస్టు చేస్తే ప్రయాణం సమయం కాక 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఎస్సై పాత్ర వేసేవాడికి ఇవి నోటికి రావాలి.

షూటింగ్‌కి హైదరాబాద్ వెళ్లే డబ్బు లేకపోతే సిటీని గదుల్లో, మెట్ల మీద, బండి సీటు మీద తీయండి. రాత్రి రోడ్లకు రాజమండ్రి సరిపోతుంది. ఊరి సీన్లకు మాత్రం నిజమైన శబ్దం రికార్డు చేసుకోండి. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు తిరిగే చప్పుడు ఫోన్‌లో వెనకాల వినిపిస్తే, సత్తిబాబు భార్య ఎక్కడి నుంచి మాట్లాడుతోందో చెప్పే పని ఉండదు.

స్క్రిప్టు పూర్తయ్యాక సినిమావాళ్లకి ఇవ్వకండి. ఒక కౌలు రైతుకి, రికవరీ పని చేసిన కుర్రాడికి, మీ అమ్మకి చదివి వినిపించండి. వాళ్లు ఎక్కడ ‘అబ్బే, మనమైతే అలా చెయ్యం’ అంటారో ఆ లైను పక్కన పెన్సిల్‌తో గీత పెట్టండి. అక్కడ ఒక మెట్టు తక్కువైంది. ఇంటికెళ్లి ఆ రెండు సీన్ల మధ్యకి ఇంకో సీన్ రాసి, మళ్లీ వాళ్లకే చదివి వినిపించండి.