మంచి గ్రూపు చెడిపోకుండా చూసుకోవడం ఎలా?

మా మిద్దెతోట వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన ఉండేవారు, వ్యవసాయ శాఖలో చేసి రిటైరయ్యారు. మిరపాకు ముడుచుకుపోయిందని ఎవరైనా ఫొటో పెడితే చాలు, "ఆకు అంచులు పైకి లేచాయామ్మా, కిందికి వంగాయా?" అని అడిగేవారు. పైకి లేస్తే తామర పురుగు, తిరగేసిన పడవలా కిందికి వంగితే నల్లి, రెండింటికీ మందు వేరు. ఈ తేడా తెలియక మేమంతా ఏదో ఒకటి కొట్టేసి డబ్బులు తగలేసినవాళ్ళమే. ఒకరోజు ఆయన చడీచప్పుడు లేకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయారు. ఫోన్ చేస్తే, "ఏం లేదు బాబూ, పొద్దున లేచేసరికి నూటయాభై మెసేజ్‌లు, అందులో మొక్కల గురించి మూడు, వెతుక్కునే ఓపిక లేదు" అన్నారు.

అప్పటిదాకా సభ్యులు పెరుగుతున్నారు కాబట్టి గ్రూపు బాగా నడుస్తోందనే అనుకున్నాను. అడిగేవాళ్ళు ఎప్పుడైనా దొరుకుతారు, ఓపిగ్గా జవాబు చెప్పేవాళ్ళు వందలో నలుగురైదుగురు. వాళ్ళు అలిగి వెళ్ళరు, గొడవ పెట్టుకోరు, ముందు మ్యూట్ చేస్తారు, తర్వాత మాయమైపోతారు. కింద నేను రాసేవన్నీ ఆ నలుగురైదుగుర్ని నిలబెట్టుకోవడానికి చేసిన పనులే. మీది కాలనీ గ్రూపైనా, పోటీ పరీక్షల టెలిగ్రామ్ గ్రూపైనా పెద్ద తేడా ఉండదు.

1. గ్రూపు దేనికో ఒక్క వాక్యంలో రాయండి

"మిద్దె మీద, బాల్కనీలో కూరగాయలు, పూలు పెంచేవాళ్ళకి. మొక్క లేని మెసేజ్ ఇక్కడ వద్దు." మా డిస్క్రిప్షన్ అంతే. మొదట్లో పద్నాలుగు రూల్స్ రాశాను, ఎవరూ చదవలేదు, నిజం చెప్పాలంటే నాకే గుర్తుండేవి కావు.

2. తలుపు కొంచెమే తెరవండి

ఇన్వైట్ లింకు తీసుకెళ్ళి ఫేస్‌బుక్‌లో పడేయకండి. అడ్మిన్ ఒప్పుకుంటేనే చేరేలా సెట్టింగ్ ఉంది, అది ఆన్ చేసి, వచ్చేవాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి. మేమైతే "మీ దగ్గర ఇప్పుడు ఏ మొక్కలున్నాయి?" అని అడుగుతాం. రియల్ ఎస్టేట్ ప్రకటనలు పెట్టడానికి వచ్చేవాళ్ళు దీనికి జవాబే ఇవ్వరు. వాట్సాప్ గ్రూపులో ఒకప్పుడు 256 మందికే చోటు, 2022లో దాన్ని 512 చేసి, ఆ ఏడాదే 1024కి పెంచారు. చోటుంది కదా అని నింపేయకండి.

ఇది పాత జబ్బే. ఇంటర్నెట్ తొలిరోజుల్లో యూజ్‌నెట్ అనే చర్చావేదికలోకి ఏటా సెప్టెంబరులో అమెరికా కాలేజీల్లో కొత్తగా చేరిన పిల్లలు వచ్చిపడేవారు, కొన్ని వారాలు గోలగోలగా ఉండి, ఆ తర్వాత పాతవాళ్ళని చూసి పద్ధతి నేర్చుకునేవారు. 1993 తర్వాత ఏఓఎల్ లాంటి ఇంటర్నెట్ కనెక్షన్లిచ్చే కంపెనీలు తమ కస్టమర్లందరికీ తలుపు తీసేయడంతో కొత్తవాళ్ళు ఆగకుండా వస్తూనే ఉన్నారు, నేర్పడానికి పాతవాళ్ళు చాలలేదు. ఆ సెప్టెంబరు ఇంకా అయిపోలేదని అప్పటివాళ్ళు ఇప్పటికీ అంటుంటారు. అందుకే నేను వారానికి పదిమందికి మించి చేర్చుకోను.

3. ప్రశ్న అడగడం నేర్పండి

అసలు పని ఇక్కడే ఉంది. "సర్, నా మొక్క చచ్చిపోతోంది, హెల్ప్" అని రాత్రి ట్యూబులైటు వెలుతురులో తీసిన ఫొటో ఒకటి వస్తుంది. ఏ మొక్క, ఎన్నాళ్ళది, ఏమీ ఉండదు. జవాబు తెలిసినవాళ్ళు నాలుగు ఎదురు ప్రశ్నలు వేయాలి, వాటికి సమాధానం మర్నాటికి వస్తుంది, ఈలోగా తెలియనివాళ్ళు పదిమంది "వేపనూనె కొట్టండి" అనేస్తారు. మా గ్రూపులో వేపనూనె కొట్టమనని రోజు లేదు, కుండీ పగిలిందన్నా అదే చెబుతారేమో.

కాబట్టి ఒక మెసేజ్ పిన్ చేసి పెట్టాం: మొక్క పేరు, నాటి ఎన్ని రోజులైంది, కుండీయా గ్రో బ్యాగా, ఎండ ఎన్ని గంటలు, నీళ్ళు ఎప్పుడెప్పుడు పోస్తున్నారు, పగటి వెలుతురులో ఆకు పైభాగం ఒక ఫొటో, అడుగుభాగం ఒక ఫొటో. ఆ అడుగు ఫొటో ముఖ్యం, నల్లులూ తెల్లదోమా కాపురం పెట్టేది అక్కడే. ఎవరైనా ఇవేవీ లేకుండా అడిగితే కసురుకోకండి, "ఆకు వెనక్కి తిప్పి ఒక ఫొటో పెడతారా?" అంటే సరిపోతుంది, రెండోసారికి వాళ్ళే పెడతారు.

వచ్చిన మంచి జవాబుల్ని వేరేచోట దాచండి. తెలుగు వికీపీడియా వాళ్ళు తమ చర్చల పేజీకి రచ్చబండ అని ముచ్చటైన పేరు పెట్టుకున్నారు, అక్కడ పాత చర్చలు పేజీలుగా భద్రంగా ఉంటాయి. వాట్సాప్‌లో అలా కాదు, నిన్నటి మాట ఇవాళ్టికి కొట్టుకుపోతుంది. నేను ఒక గూగుల్ డాక్‌లో పెట్టుకుని, అదే ప్రశ్న మళ్ళీ వస్తే లింకు ఇస్తాను. "ఇది ఆల్రెడీ చెప్పాం" అనకుండా ఇవ్వండి, మనవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు.

4. గుడ్‌మార్నింగ్‌లని మొదటిరోజే ఆపండి

ఒక్కటి వదిలితే మర్నాడు ఆరొస్తాయి. అడ్మిన్ ఎవరి మెసేజ్ అయినా ఎవరికీ కనబడకుండా తీసేయొచ్చు. తీసేసి, గ్రూపులో కాకుండా విడిగా రాయండి: "అక్కా, వినాయకుడి ఫొటో బాగుంది. గ్రూపులో మొక్కల సంగతులే ఉంచుకుందామనుకున్నాం కదా, తీసేశాను, ఏమనుకోకండి. మీ బీరపాదు కాపుకొచ్చిందా?" ఆ చివరి ప్రశ్న మర్చిపోవద్దు, తప్పు పట్టడానికే మెసేజ్ చేశామన్నట్టు ఉండకూడదు.

నేను చేసిన పొరపాటు ఒకటి చెప్తాను. మా బాబాయి నిమ్మరసంతో షుగర్ తగ్గుతుందని ఫార్వర్డ్ పెడితే, పెద్దాయన కదా అని వదిలేశాను. రెండు రోజుల తర్వాత ఇంకొకరి ఫార్వర్డ్ తీసేస్తే, "మీ బాబాయిగారిది ఉంచారుగా" అని నలుగురి ముందు అడిగేశారు. నా దగ్గర జవాబు లేదు. మీరు కూడా ముందు మీవాళ్ళ మెసేజ్‌తోనే మొదలెట్టండి.

5. గొడవొస్తే

మా దగ్గర ఎప్పుడూ ఒకటే గొడవ, సేంద్రియమా, రసాయన మందులా అని. వాదించుకోనివ్వండి, నేర్చుకునేది అందులోనే. మాట మొక్కని వదిలి మనిషి మీదికి మళ్ళిన క్షణంలో "అడ్మిన్లు మాత్రమే" సెట్టింగ్ పెట్టేసి, తెల్లారాక తీయండి. ఇద్దరికీ ఫోన్ చేయండి, టైప్ చేస్తే ఇంకా ముదురుతుంది. రెండోసారి కూడా అదే మనిషైతే రిమూవ్ చేయండి, గ్రూపులో దాని గురించి ప్రకటన అక్కర్లేదు. ఇదంతా ఒక్కరే మోయలేరు, ఇద్దరు ముగ్గురు అడ్మిన్లుండాలి, వాళ్ళలో రాత్రి పొద్దుపోయేదాకా మేలుకునేవాళ్ళు ఒకరుండాలి.

6. జవాబు చెప్పినవాళ్ళకి ఫలితం చూపించండి

సలహా తీసుకున్నవాళ్ళు పదిరోజులకి మొక్క ఎలా ఉందో ఫొటో పెట్టాలి, బాగుపడకపోయినా పెట్టాలి. పెట్టకపోతే నేనే అడుగుతాను. చప్పట్ల బొమ్మలు ఎన్ని పెట్టినా ఈ ఒక్క ఫొటోకి సాటిరావు.

పెద్దాయన మాత్రం తిరిగి గ్రూపులోకి రాలేదు. ఆదివారం సాయంత్రం ఫోన్ చేసుకోవచ్చన్నారు, వారంలో తేలని ప్రశ్నలు మూడో నాలుగో ఆయన్నడిగి గ్రూపులో పెడుతున్నాను. మొన్న ఒకావిడ కాకరపాదుకి అన్నీ మగపూలేనని కంగారుపడితే, "ముందు అవే వస్తాయి, ఆగమనండి" అన్నారు. తొమ్మిదో రోజున ఆవిడ పిందె ఫొటో పెట్టింది. ఆయనకి ఫార్వర్డ్ చేశాను.