వానలు పడకముందే పాత బండి ‘స్లో’ సరిచేసుకోండి

దాళ్వా కోతలు అయిపోయాయి. రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం ఎత్తేస్తున్నారు. రోహిణి కార్తె ఎండలు తగ్గి మృగశిర రాగానే మొదటి జల్లులు పడతాయి. కార్బురేటర్ (పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) బండి ఉన్నవాళ్లకి స్లో సరిచేసుకోవడానికి ఇదే సరైన సమయం. స్లో అంటే ఎక్సలేటర్ వదిలేసినా ఇంజిన్ ఆగకుండా నెమ్మదిగా తిరగడం. జులై నుంచి గోదావరి వరదలు, అవి తగ్గాక అక్టోబరు, నవంబరుల్లో తుపాను వానలు. ఆ రోజుల్లో బండి విప్పుకుని కూర్చోవడానికి పొడి నేల కూడా దొరకదు.

ఎండాకాలంలో స్లోలో నిలబడని బండి ఒక చికాకు, అంతే. ఆగితే కిక్కు కొట్టి వెళ్లిపోతాం. వానాకాలంలో మన ఊళ్ల రోడ్ల మీద అదే బండి ప్రమాదం. కాలవ గట్టు మీద వెళ్తున్నాం అనుకోండి. ఒక పక్క నిండు కాలవ, రెండో పక్క రొయ్యల చెరువు. ఎదురుగా మేత లారీ వస్తే వేగం తగ్గించి గట్టు అంచుకు రావాలి. సరిగ్గా ఆ క్షణంలోనే ఇంజిన్ ఆగిపోతుంది. ఆగకూడదని ఎక్సలేటర్ పట్టుకుని, క్లచ్ సగం వదిలి నడిపితే నల్లమట్టిలో వెనక చక్రం జారుతుంది. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) దిగి రేవు ఎక్కేవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. తడిసిన వాలు మీద, ముందూ వెనకా మనుషులు నడుస్తుంటే, బండి నెమ్మదిగా, నిలకడగా ఎక్కాలి. స్లో సరిగా లేని బండితో అది కుదరదు.

నా తప్పు ఒకటి చెబుతాను. నాది 1991 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100, టూ స్ట్రోక్ బండి. నాలుగేళ్ల కిందట వానలకి ముందు దాని స్లో పాడైంది. ఒక్కోసారి గేటు దగ్గర ఆగిపోయేది, ఒక్కోసారి ఎక్సలేటర్ వదిలేసినా రేసింగ్, అంటే ఇంజిన్ తిరిగే వేగం, దిగేది కాదు. ఒక మెకానిక్‌కి చూపిస్తే ఏమీ విప్పకుండా స్లో స్క్రూ (స్లో వేగం పెంచే, తగ్గించే స్క్రూ) అర చుట్టు బిగించి పంపాడు. రెండు వారాలు నడిచింది. మళ్లీ మొదలైతే ఈసారి నేనే బిగించాను. ఆ తర్వాత ఇంకోసారి బిగించాను. అలా రెండు నెలలు గడిచాక, పాలకొల్లు నుంచి రాజోలు వెళ్తుండగా చించినాడ వంతెన దాటిన కాసేపటికి ఇంజిన్ కీచుమని పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయింది. వేళ్లు క్లచ్ మీదే ఉన్నాయి కాబట్టి వెంటనే నొక్కగలిగాను. వెనక వాహనం లేదు కాబట్టి బతికాను.

విప్పి చూస్తే పిస్టన్ మీద, సైలెన్సర్ వైపు, నిలువు గీతలు. కారణం ఎక్కడో కాదు, కార్బురేటర్‌ని ఇంజిన్‌కి కలిపే రబ్బరు జాయింటులో ఉంది. క్లాంపు కింద కనిపించని పగులు. అందులోంచి దొంగగాలి లోపలికి పోయింది. గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైతే మంట వేడి పెరుగుతుంది, టూ స్ట్రోక్ పిస్టన్ ఆ వేడికి ఉబ్బి, అది కదిలే గొట్టం లోపలి గోడకి, అంటే బోరుకి, పట్టేస్తుంది. ఆ బోరు మళ్లీ కొట్టి సరిచేసిన పెద్దాయన నాతో, “ఆయ్, స్క్రూ తిప్పితే జబ్బు పోదండి. కనపడకుండా పోద్దంతే,” అన్నారు. ఆ పగులు రెండు నెలల ముందు నుంచీ స్లో రూపంలో నాకు చెబుతూనే ఉంది. నేను స్క్రూ బిగించి దాని నోరు నొక్కేశాను. అందుకే ఇదంతా ఇంత వివరంగా రాస్తున్నాను. స్క్రూ ఆఖరి పని. కారణం పట్టుకోవడం మొదటి పని.

పని మొదలుపెట్టే ముందు పెట్రోల్ గురించి ఒక మాట. వంటగది పక్కన, దేవుడి దీపం ఉన్న వరండాలో కార్బురేటర్ విప్పొద్దు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదుగా పాకుతూ మంట దాకా పోతుంది. ఇంజిన్ నడిపి చూడాల్సి వస్తే బండి ఆరుబయటకి తేవాలి. తలుపులు మూసిన షెడ్డులో పొగ ప్రాణం తీస్తుంది. కార్బురేటర్ క్లీనర్ స్ప్రే వాడేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి, ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రంలోంచి సూటిగా కంట్లోకి వస్తుంది. స్టార్ స్క్రూడ్రైవర్ స్క్రూ తలలో గట్టిగా కూర్చోవాలి. ముప్పై ఏళ్ల స్క్రూల తలలు ఇట్టే అరిగిపోతాయి.

ముందు బండి ఏం చెబుతోందో వినండి. ఇంజిన్ వేడెక్కాక స్లోలో ఆగిపోతుంటే చోక్ (గాలితో పోలిస్తే పెట్రోల్ పాలు పెంచే మీట) కొంచెం వేసి చూడండి. చోక్ వేస్తే నిలబడిందంటే పెట్రోల్ తక్కువ అందుతోంది. స్లో జెట్టు (స్లోలో పెట్రోల్ వచ్చే సన్నని రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క) మూసుకుపోయి ఉండాలి, లేదా ఎక్కడో దొంగగాలి లాగుతుండాలి. చోక్ వేయగానే ఇంకా ముక్కుతూ ఆగిపోతే పెట్రోల్ ఎక్కువైంది. అప్పుడు ఎయిర్ ఫిల్టర్, ఫ్లోట్ (కార్బురేటర్‌లో పెట్రోల్ మట్టం అదుపు చేసే తేలుడు ముక్క) వైపు చూడాలి. రేసింగ్ పైనే ఉండిపోయి నెమ్మదిగా దిగుతుంటే దొంగగాలి మీదే మొదటి అనుమానం. హ్యాండిల్ పూర్తిగా ఒక పక్కకి తిప్పినప్పుడు మాత్రమే రేసింగ్ పెరిగితే కార్బురేటర్ తప్పేమీ లేదు, కేబుల్ బిగుతుగా ఉంది. స్పార్క్ ప్లగ్గు తీసి చూస్తే ఇదే సంగతి రంగులో కనిపిస్తుంది. లేత ఇటుక రంగు మంచిది. తడిగా, నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువ. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే తక్కువ. టూ స్ట్రోక్ బండిలో ఆ తెలుపు కనిపిస్తే కారణం తేలేదాకా బండి తీయకండి.

మన ప్రాంతంలో ఎక్కువగా దొరికే దోషి నీళ్లు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు పగలు వేడెక్కి రాత్రి చల్లబడినప్పుడు లోపలి గాలిలో తేమ గోడలకి చెమ్మగా పడుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇంకా ఎక్కువ. నీళ్లు పెట్రోల్ కంటే బరువు కాబట్టి ట్యాంకు అడుగుకి, అక్కడి నుంచి కార్బురేటర్ కింది గిన్నెలోకి చేరతాయి. ఫ్లోట్ బౌల్ అంటారే, అదే. గిన్నెలో పెట్రోల్‌ని సన్నని గాజు సీసాలోకి వంచి పది నిమిషాలు కదపకుండా పెట్టండి. నీళ్లుంటే అడుగున విడిగా కనిపిస్తాయి. గిన్నె లోపల తెల్లని పొడి పేరుకుంటే నీళ్లు చాలాకాలంగా నిలిచి లోహాన్ని తింటున్నాయని అర్థం.

ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్. అది తేమని తనలోకి లాక్కుంటుంది. కొంతవరకు కలుపుకుని, హద్దు దాటాక నీళ్లతో కలిసి విడిపోయి అడుగుకు దిగుతుంది. పైగా ఇథనాల్ మండడానికి పెట్రోల్ కంటే తక్కువ గాలి చాలు. అంటే పాత జెట్టుతో అదే బండి ఇప్పుడు కొంచెం పెట్రోల్ తక్కువైనట్టు నడుస్తుంది. పాతకాలం రబ్బరు పైపులు, వాషర్లు కూడా దీనికి మెత్తబడి ఉబ్బుతాయి. పెట్రోల్ పైపుని వేలితో నొక్కి చూడండి. జిగటగా ఉన్నా, పగుళ్లున్నా వానలు రాకముందే మార్చేయండి.

స్లో జెట్టు సంగతి కొంచెం నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే చెయ్యి తొందరపడేది ఇక్కడే. దాని రంధ్రం సుమారు మిల్లీమీటరులో నాలుగో వంతు. నెల రోజులు బండి నిలబడితే గిన్నెలో పెట్రోల్ ఆవిరైపోయి మిగిలిన జిగురు దాన్ని మూసేస్తుంది. మన ఇళ్లలో ఏది మూసుకుపోయినా చేతికి దొరికేది కొబ్బరి ఈనె. దయచేసి దాన్ని జెట్టులో పెట్టకండి. లోపల విరిగితే జెట్టు పారేయడమే. ఇనప తీగ ఇంకా ప్రమాదం, ఇత్తడి మెత్తన కాబట్టి రంధ్రం పెద్దదైపోతుంది, ఆ తర్వాత ఏ స్క్రూతోనూ సెట్ కాదు. క్లీనర్‌లో అరగంట నానబెట్టి, పంచర్ షాపులో గాలి కొట్టించండి. అప్పటికీ తెరుచుకోకపోతే గాలానికి కట్టే సన్నని నైలాన్ దారం దూర్చి చూడండి. జెట్టుని వెలుతురుకి ఎదురుగా పెట్టి చూస్తే గుండ్రంగా, శుభ్రంగా ఒక చుక్క కనిపించాలి. జెట్టు ఒక్కటే కాదు, అది కూర్చునే దారి, ఎయిర్ స్క్రూ (స్లోలో గాలి, పెట్రోల్ పాళ్లు మార్చే స్క్రూ) దారి కూడా ఊది చూడాలి. జెట్టు కడిగి, దారి వదిలేసి, “శుభ్రం చేశాను కానీ స్లో రాలేదు” అనేవాళ్లే ఎక్కువ.

ఎయిర్ ఫిల్టర్‌లో ఈ నెలలో ధాన్యం దుమ్ము ఉంటుంది. నూర్పిళ్ల వేళ ఆ రోడ్ల మీద తిరిగిన ఏ బండికైనా అంతే. స్పాంజి ఫిల్టర్ అయితే కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, నూనెలో తడిపి గట్టిగా పిండి పెట్టండి. మూల పడి ఉన్న బండి అయితే గిన్నెకి వేలాడే సన్నని పైపుల కొసలు కూడా చూడండి. మట్టి గూడు కట్టే కందిరీగకి అవంటే ఇష్టం.

దొంగగాలి పట్టుకోవడానికి కొందరు ఇంజిన్ నడుస్తుండగా పెట్రోలో, క్లీనరో జాయింటు మీద చల్లుతారు. వేడి ఇంజిన్ మీద అది నిప్పుతో ఆట. మొక్కలకి కొట్టే నీళ్ల స్ప్రే చాలు. ప్లగ్గు వైపు పడకుండా, రబ్బరు జాయింటు చుట్టూ కొంచెం కొంచెంగా కొట్టండి. ఇంజిన్ చప్పుడు మారిందంటే పగులు అక్కడే. ఆ తర్వాత జాయింటు విప్పి, వంచి, క్లాంపు కూర్చునే చోటు వెలుతురులో చూడండి. పగులుకి జిగురు పూయడం వృథా, పెట్రోల్‌కి అది కరిగిపోతుంది. కొత్త రబ్బరు కొనాల్సిందే. ఇవన్నీ బాగుండి కూడా రేసింగ్ నిలకడ లేకపోతే క్రాంకు ఆయిల్ సీళ్లు (ఇంజిన్ ఇరుసుకి రెండు పక్కలా ఉండే రబ్బరు రింగులు) మిగిలాయి. మాగ్నెట్ వైపు సీలు పోతే దొంగగాలి, గేరు వైపు సీలు పోతే గేరు ఆయిల్ తగ్గుతూ తెల్లని పొగ. అది ఇంటి దగ్గర చేసే పని కాదు, తెలిసినవాళ్ల చేతికి ఇవ్వండి.

ఇప్పుడు స్క్రూల దగ్గరికి వద్దాం. బండిని పది నిమిషాలు తిప్పి వేడెక్కించండి. ఎయిర్ స్క్రూని మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లు ఉందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. అడుగు తగలగానే ఆపాలి, బిగిస్తే దాని కొన చితికిపోతుంది. అక్కడి నుంచి చుట్టున్నర బయటికి తిప్పి మొదలుపెట్టండి. స్లో స్క్రూతో రేసింగ్ కొంచెం పెంచి, ఎయిర్ స్క్రూని పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ ఇంజిన్ అన్నిటికంటే చురుగ్గా, సమంగా పలికే చోటు వెతకండి. దొరికాక స్లో స్క్రూ తగ్గించండి. మికుని కంపెనీ తరహా కార్బురేటర్లలో ఎయిర్ స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటుంది, లోపలికి తిప్పితే పెట్రోల్ పెరుగుతుంది, బయటికి తిప్పితే తగ్గుతుంది. స్క్రూ ఇంజిన్ వైపు ఉండే కార్బురేటర్లలో ఇది తిరగబడుతుంది. మంచి పలుకు అర చుట్టు దగ్గరే దొరికితే స్లో జెట్టు ఒక సైజు పెద్దది కావాలి. ఈ20 వచ్చాక చాలా పాత బండ్లు అటే వెళ్తున్నాయి. ఇంకొకటి, రోహిణి ఎండలో సెట్ చేసిన బండి చల్లని వాన ఉదయం పెట్రోల్ తక్కువైనట్టు పలుకుతుంది, చల్లగాలి చిక్కన కాబట్టి. మొదటి వానలు పడ్డాక ఒకసారి పావు చుట్టు సరిచూసుకోండి.

ఆర్‌ఎక్స్ 100 వాళ్లు ఒక్క సంగతి మరిచిపోకూడదు. ఎక్సలేటర్ కేబుల్ అక్కడ రెండుగా చీలి ఒకటి కార్బురేటర్‌కి, ఒకటి ఆయిల్ పంపుకి వెళ్తుంది. స్లో కోసం కేబుల్ సర్దితే ఆయిల్ పంపు మీది సెట్టింగ్ గుర్తు కూడా సరిచూడాలి. లేకపోతే ఆయిల్ తక్కువ పడి నా బండికి జరిగిందే మీ బండికీ జరుగుతుంది. పాత బుల్లెట్టు ఉన్నవాళ్లు కార్బురేటర్ విప్పే ముందు పాయింట్ల (ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే స్విచ్చు) గ్యాప్ చూసుకోండి, 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. స్లో నిలబడని బుల్లెట్టులో చాలాసార్లు లోపం అక్కడే దొరుకుతుంది.

వరద మాట. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి వదిలినప్పుడు లంకల్లో, అంటే గోదావరి పాయల మధ్య దిబ్బల మీది ఊళ్లలో, ఏం జరిగిందో చూశాం. కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే బండి ఎంత బాగా సెట్ చేసి ఉన్నా దిగకండి. అడుగు లోతు ప్రవాహం చాలు బండినీ మనిషినీ తోసేయడానికి. ఊళ్లో నిలిచిన నీళ్లలోంచి తప్పక వెళ్లాల్సి వస్తే గిన్నె గాలిపైపు కొస నీళ్లలో మునగకుండా ముందే పైకి కట్టుకోండి, మునిగితే పెట్రోల్ దిగక ఇంజిన్ ఆగిపోతుంది. నీళ్ల మధ్యలో ఆగితే కిక్కు కొట్టొద్దు. నెట్టుకుంటూ గట్టుకి చేర్చి, ప్లగ్గు తీసి, గిన్నె వంచి, ఆ తర్వాతే కిక్కు. గేరు ఆయిల్ పాలలా తెల్లగా మారితే మార్చేదాకా స్టార్ట్ చేయకండి.

మొదటి హెచ్చరిక వచ్చిందంటే లంక ఊళ్లలో ఉన్నవాళ్లు బండిని అరుగు మీదకి ఎక్కించాలి. పెట్రోల్ కాక్ మూసి, గిన్నె ఖాళీ చేసి, ట్యాంకు నిండుగా ఉంచండి, ఖాళీ చోటు లేకపోతే చెమ్మ పట్టదు. సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కి పైన పాలిథిన్ కట్టండి. ఆ గుడ్డ కొసని కిక్కు రాడ్డుకి ముడివేసి వదిలితే, నీళ్లు తీశాక కాలు పెట్టబోయినప్పుడు తీయాలని గుర్తొస్తుంది.