ఆపరేషన్‌కు డేట్ ఒప్పుకునే ముందు రేటు ఎలా అడగాలి?

మోకాలి మార్పిడి, శుక్లాల ఆపరేషన్, హెర్నియాకు మెష్ (సన్నని జాలీ) వేయడం లాంటివి ముందే తేదీ చూసుకుని చేయించుకునేవి. అంటే అడిగి తెలుసుకోవడానికి టైముంటుంది. చాలామంది ఆ టైమంతా మంచి డాక్టరెవరని వాకబు చేయడానికే వాడేస్తారు. డబ్బు దగ్గరికొచ్చేసరికి "మొత్తం ఎంతవుతుందండీ?" అని ఒక్క మాట అడిగి, చెప్పిన అంకె గుర్తుపెట్టుకుని ఇంటికొచ్చేస్తారు. డిశ్చార్జి రోజు గొడవలకు మూలం చాలావరకు ఆ ఒక్క మాటే.

ప్యాకేజీ అనగానే అన్నీ కలిపేశారనుకుంటాం. మామూలుగా అందులో థియేటర్ ఖర్చు, సర్జన్ ఫీజు, ఫలానా ఇన్ని రోజుల గది అద్దె ఉంటాయి. ఇంప్లాంట్, అంటే కృత్రిమ కీలు, లెన్స్, మెష్ లాంటి ఒంట్లో అమర్చే వస్తువు, ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఉన్నా, తక్కువ ధర రకానికి లెక్క వేసి ఉండొచ్చు. కౌంటర్ దగ్గర మాటలు ఇలా నడుస్తాయి:

"ఇంప్లాంట్ కలిపేనా అండీ?"

"కలిపే సార్. స్టాండర్డ్‌ది అయితే."

ఆ చివరి ముక్క దగ్గర ఆగండి. స్టాండర్డ్ అంటే ఏ కంపెనీ, ఏ మోడల్? డాక్టరుగారు నాకు వేస్తామన్నది అదేనా? కాకపోతే తేడా ఎంత? మూడింటికీ జవాబు ఎస్టిమేట్ కాగితం మీదే రాయించుకోండి. ఈరోజు నోటితో చెప్పినాయన బిల్లు రోజున ఆ సీట్లో ఉంటారన్న గ్యారంటీ లేదు. మత్తు డాక్టరు ఫీజు, ఐసీయూ, రక్తం, ఫిజియోథెరపీ ప్యాకేజీ లోపలా బయటా అన్నది కూడా అప్పుడే అడిగేయండి.

ఇంప్లాంట్ అంటే ఒకే వస్తువు అనుకుంటే ఇంకో చిక్కు. మోకాలి మార్పిడిలో తొడ ఎముక చివర తొడిగే లోహపు భాగం, కింది ఎముక మీద కూర్చోబెట్టే ప్లేటు, ఆ రెంటి మధ్య పెట్టే పాలిథిలిన్ (ప్లాస్టిక్) ముక్క, అవసరమైతే మోకాలి చిప్ప వెనక అతికించే బిళ్ల, అన్నీ విడివిడిగా వస్తాయి. వాటిని ఎముకకు పట్టి ఉంచే బోన్ సిమెంట్ మళ్లీ వేరే. మీకు చెప్పిన ధర సెట్టు మొత్తానిదా, ఒక్క భాగానిదా? విరిగిన ఎముకకు ప్లేటు వేసేటప్పుడు స్క్రూలను విడిగా లెక్క కట్టే చోట్లున్నాయి. ఎన్ని పడతాయో ముందే కచ్చితంగా చెప్పలేరు గానీ, సుమారుగా ఇన్ని అని చెప్పగలరు.

స్టెంట్ల (గుండె రక్తనాళం మూసుకుపోకుండా లోపల పెట్టే చిన్న జాలీ గొట్టాల) విషయంలో టెన్షన్ మరీ ఎక్కువ. ఒకటనుకుని లోపలికి తీసుకెళ్లాక రెండోది అవసరమని తేలొచ్చు. పేషెంట్ బల్ల మీద ఉండగా, బయట నిలబడ్డ ఇంట్లోవాళ్ల ముందు సంతకం కోసం కాగితం పెడితే ఎవరు మాత్రం ప్రశ్నలడగగలరు? ఆ పరిస్థితి రాకముందే "రెండోది వేయాల్సొస్తే ఎంత పెరుగుతుంది?" అని అడిగి ఉంచుకోవాలి.

అసలు ఈ గజిబిజి ఎందుకంటే, ఇంప్లాంట్‌ను ఎంచుకునేది డాక్టరు, కొనేది ఆసుపత్రి, డబ్బు కట్టేది మనమో బీమా కంపెనీయో. ఇంప్లాంట్ కంపెనీకీ ఆసుపత్రికీ మధ్య కుదిరిన రేటు చాలాసార్లు బయటికి రాదు. ఒకే మోడల్ రెండు ఆసుపత్రులకు రెండు రేట్లకు వెళ్తుంది. ప్రభుత్వాలు కలగజేసుకున్నా చిక్కుముడి పూర్తిగా వీడలేదు. భారతదేశంలో 2017 ఫిబ్రవరిలో స్టెంట్లకు, ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర పెట్టారు. మందు పూత ఉన్న స్టెంట్‌కు అప్పట్లో ఖరారు చేసింది 29,600 రూపాయలు. అయితే ఆ కట్టడి వస్తువు వరకే, ఆపరేషన్ బిల్లంతటికీ కాదు. అమెరికాలో ఆసుపత్రులు తమ రేట్లు ఇంటర్నెట్లో పెట్టాలన్న నిబంధన 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కంప్యూటర్లు చదవడానికి పెట్టే ఆ పెద్ద పెద్ద ఫైళ్లు మామూలు మనిషికి అంతుపట్టవు. కాబట్టి రెండు చోట్ల విచారించేటప్పుడు ఇంప్లాంట్ ధరలు పక్కపక్కన పెట్టి లాభం లేదు, మొత్తం ఎస్టిమేట్లనే పోల్చండి.

ఖరీదైనదే మంచిదన్న నమ్మకాన్ని కూడా కాస్త పక్కన పెట్టాలి. తుంటి కీలుకు లోహం మీద లోహం ఆనేలా చేసిన కొత్త డిజైన్లు ఒకప్పుడు ఎక్కువ కాలం మన్నుతాయని చెప్పి అమ్మారు. వాటిలో ఒకటైన డీప్యూ కంపెనీ ఏఎస్‌ఆర్ మోడల్‌ను 2010 ఆగస్టులో ఆ కంపెనీయే వెనక్కి పిలిపించింది. శుక్లాల ఆపరేషన్లో మల్టీఫోకల్ (దూరానికీ దగ్గరికీ పనికొచ్చే) లెన్స్ వేస్తే చదివే అద్దాల అవసరం తగ్గుతుంది. కానీ కొందరికి రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. రాత్రిళ్లు బండి నడిపే మనిషికి ఇది చిన్న సంగతేం కాదు. "డాక్టరుగారూ, ఈ మోడల్‌తో నాకు ప్రత్యేకంగా ఒరిగేదేంటి? మీరు ఎన్నేళ్లుగా వేస్తున్నారు?" అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

బీమా ఉంటే పాలసీ కాగితంలో రెండు చోట్ల చూడండి: ఆ ఆపరేషన్‌కు విడిగా పరిమితి ఉందా, గది అద్దెకు పరిమితి ఉందా. గది అద్దె పరిమితి దాటితే కొన్ని పాలసీలు ఆ గది తేడాతో ఆగవు, బిల్లులో ఇతర పద్దులనూ అదే నిష్పత్తిలో కోసేస్తాయి. ఆపరేషన్‌కు ముందు బీమా కంపెనీ ఇచ్చే అనుమతి మొత్తం కూడా ఆఖరిది కాదు.

ఇక ఇంప్లాంట్ పెట్టె మీద కంపెనీ పేరు, మోడల్, సైజు, లాట్ (తయారీ బ్యాచ్) నంబరు ఉన్న స్టిక్కర్లుంటాయి. ఆపరేషన్ అయ్యాక వాటిని కేస్ షీట్లో అతికిస్తారు. మీకూ ఒక కాపీ కావాలని ముందే చెప్పి ఉంచండి. డిశ్చార్జి రోజు ఆ స్టిక్కర్‌నూ, బిల్లులో రాసిన మోడల్‌నూ, ముందు ఇచ్చిన ఎస్టిమేట్‌నూ పక్కపక్కన పెట్టి చూశాకే డబ్బు కట్టండి. తర్వాత స్టిక్కర్ ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. రేపు ఎమ్మారై తీయాల్సొచ్చినా, ఆ మోడల్‌ను కంపెనీ వెనక్కి పిలిచినా, ఇంకో సర్జన్ దాన్ని మార్చాల్సొచ్చినా ఆ వివరాలే అడుగుతారు.