వెలిగే రెక్కలు ఇంట్లోనే
స్కూల్ ఫంక్షన్‌కి పాపకు వెలిగే రెక్కలు కావాలంటే బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో ఈఎల్ వైరు (కరెంటు ఇస్తే పొడవునా వెలిగే సన్న వైరు), దాని పొడవుకు సరిపడే ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటును ఏసీగా మార్చే చిన్న డబ్బా) అడగండి. మామూలు ఎల్ఈడీ స్ట్రిప్ అంటగట్టబోతే వద్దనండి, అది చుక్కలు చుక్కలుగా వెలుగుతుంది, ఇదైతే గీత గీసినట్టు ఉంటుంది.

గట్టి తీగను రెక్క ఆకారంలో వంచి, ఆర్గంజా గుడ్డ బిగించి, అంచు వెంట వైరును సన్న నైలాన్ దారంతో కుట్టండి, కానీ సూది వైరులో దిగకూడదు, దారం పైనుంచి చుట్టి రావాలి. మూలల్లో మడత పెట్టకుండా గుండ్రంగా తిప్పండి, లోపల వెంట్రుకంత తీగలుంటాయి, అవి తెగితే అక్కడి నుంచి చీకటే.

బ్యాటరీలు చిన్నవే అయినా ఇన్వర్టర్ నుంచి వచ్చేది దాదాపు 100 వోల్టుల ఏసీ. కత్తిరించిన కొసకు హాట్ గ్లూ పెట్టాల్సిందే, లేకపోతే చురుక్కుమంటుంది. ఇన్వర్టర్ కీచుమంటుంది, నడుము దగ్గర జేబులో పెట్టేయండి. పగటి ప్రోగ్రాం అయితే మాత్రం ఈ శ్రమంతా దండగ!