డీజిల్ బండికి పొగ – 4వ పాఠం: ముందు నూనె కొలత, తర్వాత ఫ్యాన్

మోడల్ డీజిల్ రైలింజన్ నుంచి పొగ రప్పించే ఈ వరసలో, ఈ పాఠం మొత్తం పొగను బయటికి తోసే ఫ్యాన్ మీదే నడవాల్సింది. కానీ 3వ పాఠంలో చేసిన హీటర్ (ఇత్తడి డబ్బాలో నూనె, వత్తి, దాన్ని వేడెక్కించే రెసిస్టర్) చాలామంది దగ్గర పొగ వదలకుండా గుడగుడలాడుతోంది. కొందరి బండిలో పొగగొట్టం నుంచి నూనె చిమ్మి హుడ్, అంటే బండి పైతొడుగు, అంతా జిడ్డయింది. ఇంకొందరు పొగ రావట్లేదని ఓల్టేజీ పెంచి వత్తి మాడ్చుకున్నారు. హీటర్ కుదరకుండా ఫ్యాన్ పెడితే వచ్చేది ఉత్త గాలే. కాబట్టి ముందు దాని సంగతి తేల్చుకుందాం.

తప్పు వైరింగులో లేదు, సిరంజీలో ఉంది. పోయాల్సిన నూనె 0.2 మి.లీ. మందుల షాపులో 1 మి.లీ. సిరంజీ అడిగితే తరచూ ఇన్సులిన్ సిరంజీ చేతిలో పెడతారు. దాని మీద ఉండేవి యూనిట్ల గీతలు. ఎర్ర మూతది యూ-40, అందులో 40 యూనిట్లు కలిస్తే 1 మి.లీ. నారింజ మూతది యూ-100, అందులో 100 యూనిట్లు 1 మి.లీ. అంటే 0.2 మి.లీ.కి నారింజ మూతలో 20వ గీత, ఎర్ర మూతలో 8వ గీత. ఎర్ర మూత సిరంజీని 20 దాకా లాగినవాళ్లు 0.5 మి.లీ. పోసేశారు. మనం చేసిన ఇత్తడి డబ్బా లోపలి వ్యాసం 12 మి.మీ. అందులో 0.5 మి.లీ. నూనె 4 మి.మీ. పైనే నిలుస్తుంది, రెసిస్టర్ మునిగిపోతుంది.

మునిగితే ఏమవుతుందో తెలియకే ‘కాస్త ఎక్కువ పోస్తే ఎక్కువసేపు వస్తుంది కదా’ అని పోస్తున్నారు. రాదు. ప్రమిదలో వత్తి కొస నూనెలో మునిగితే దీపం కొండెక్కుతుంది, ఇక్కడా అంతే. పొగలా కనిపించేది నూనె మరుగు కాదు. వేడెక్కిన వత్తి మీది పలచటి నూనె పొర ఆవిరై, పైకి వచ్చి చల్లగాలి తగలగానే సన్నని తుంపరగా మారుతుంది. కంటికి ఆనేది ఆ తుంపరే. రెసిస్టర్ నూనెలో మునిగితే దాని రెండు వాట్ల వేడి ఉన్న నూనెనంతా వెచ్చబెట్టడానికే పోతుంది. రెసిస్టర్‌ను తాకిన చోట మాత్రం బుడగలు లేచి, పైనున్న నూనెను గొట్టంలోకి తోస్తాయి. గుడగుడ ఆ బుడగలదే. అది వినిపిస్తే నూనె ఎక్కువైందని అర్థం, వేరే అర్థం లేదు.

కరెంటు ఆపి, పది నిమిషాలు చల్లారనివ్వండి. టిష్యూ కాగితాన్ని సన్నగా పేని, గొట్టంలోంచి అడుగు దాకా దించి అర నిమిషం ఉంచండి. తడిసింది తీసి కొత్తది పెట్టండి. కాగితం కొస మాత్రమే తడిసే దాకా ఇలా చేశాక మళ్లీ కరెంటు ఇవ్వండి. బండిని తలకిందులు చేసి విదిలించొద్దు, నూనె గేర్లలోకీ డీకోడర్ (కంట్రోలర్ ఆజ్ఞలను బండిలో అమలు చేసే చిన్న సర్క్యూట్) మీదకీ పోతుంది. ఇన్సులిన్ సూది మరీ సన్నం, నూనె అందులో తేలిగ్గా కదలదు. సూది విడిగా వచ్చే 1 మి.లీ. ట్యూబర్‌క్యులిన్ సిరంజీ అడగండి. దాని గీతలు మి.లీ.లలోనే ఉంటాయి. 22 గేజ్ సూది తగిలించి, మొనను ఆకురాయితో అరగదీసి మొద్దుగా చేసుకోండి.

ఇక ఓల్టేజీ. వేడి ఓల్టేజీతో సమంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. డీకోడర్ నీలం తీగ (అన్ని ఫంక్షన్లకూ ఉమ్మడి ప్లస్) దగ్గర 14 ఓల్టులు ఉన్నాయనుకుందాం. 100 ఓంల రెసిస్టర్‌లో 14 × 14 ÷ 100, అంటే 1.96 వాట్లు, 140 మిల్లీ ఆంపియర్లు. అదే 16.5 ఓల్టులైతే 2.7 వాట్లు. ఓల్టేజీ పెరిగింది 18 శాతం, వేడి పెరిగింది 39 శాతం. పట్టాల మీద ఓల్టేజీ ఎక్కువగా ఉన్నవాళ్లు రెసిస్టర్‌ను 120 ఓంలకు మార్చుకోండి. డీకోడర్ లేకుండా సాదా డీసీ కంట్రోలర్ వాడేవాళ్లకు 6 ఓల్టుల దగ్గర 0.36 వాట్లే వస్తుంది. నిదానంగా నడిచే బండికి పొగ రాకపోవడానికి కారణం అదే, హీటర్‌ను తప్పు పట్టొద్దు. మీ డీకోడర్ ఫంక్షన్ అవుట్‌పుట్ (లైటు, పొగ లాంటివి తగిలించే తీగ) 100 మిల్లీ ఆంపియర్లకే అయితే ఈ హీటర్‌ను నేరుగా తగిలించకండి, 250 ఉంటే ఫర్వాలేదు.

మాడు వాసన వచ్చినవాళ్లు మల్టీమీటర్‌తో హీటర్ కొలవండి. 100 ఓంలు చూపిస్తే రెసిస్టర్ బాగుంది, వత్తి ఒక్కటే మార్చండి. నూలు వత్తి పనికిరాదు. మోటార్ రివైండింగ్ సామాను అమ్మే చోట ఫైబర్‌గ్లాస్ స్లీవ్ దొరుకుతుంది, కాకపోతే వార్నిష్ పూయనిది తీసుకోవాలి. చుక్క నూనె వేస్తే వెంటనే పీల్చుకునేదే మనకు కావలసిన రకం.

నూనె విషయంలో బేరం లేదు. మోడల్ రైళ్ల కోసం అమ్మే పొగ నూనె ఒక్కటే వాడండి. కొబ్బరినూనె, వంటనూనె వత్తి మీద జిగురులా గట్టిపడతాయి. వేడెక్కిన కిరోసిన్ ఆవిరి చిన్న నిప్పురవ్వకే అంటుకోవచ్చు, దాన్ని ఆ గదిలోకే రానివ్వొద్దు. కిటికీ తెరిచి నడపండి. నూనె సీసా పిల్లలకు అందకూడదు.

ఇప్పుడు ఫ్యాన్. మనం చేస్తున్నది డబ్ల్యూడీఎం-2, ఆల్కో కంపెనీ డిజైనుతో వచ్చిన మన రైల్వే డీజిల్ ఇంజన్. కాజీపేట, గుత్తి షెడ్ల బళ్లు చూసినవాళ్లకు ఆ పొగ తెలుసు. ఊరికే నిలబడ్డప్పుడు పలచగా ఉంటుంది. నాచ్ (డ్రైవరు శక్తి పెంచే మెట్టు) పెంచగానే డీజిల్ ముందు పడుతుంది, ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో వేగం అందుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ మధ్యలో గాలి చాలక భళ్లున నల్లపొగ లేస్తుంది, టర్బో అందుకోగానే పలచబడుతుంది. ఆవిరి ఇంజన్‌లా ఛుక్ ఛుక్ మంటూ తెరలు తెరలుగా వదిలితే అది ఆల్కో అనిపించుకోదు. డబ్ల్యూడీజీ-4 అనే తర్వాతి తరం డీజిల్ ఇంజన్ చేసేవాళ్లు ఆ భళ్లునే పొగ కూడా తగ్గించుకోవాలి. ఆ ఇంజన్ టర్బోను తక్కువ లోడులో గేర్లే తిప్పుతాయి.

దీనికి హీటర్‌ను కదపకండి, గాలిని కదపండి. హీటర్ వేడెక్కడానికి, చల్లారడానికి చాలా క్షణాలు తీసుకుంటుంది, ఫ్యాన్ వెంటనే మాట వింటుంది. ఫ్యాన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు డబ్బాలో ఆవిరి పోగవుతుంది. ఒక్కసారి జోరుగా తిప్పితే అదంతా ముద్దగా బయటికి వస్తుంది. ఆ గాలికే వత్తి కాస్త చల్లబడి పొగ పలచబడుతుంది. టర్బో అందుకున్నట్టు కనిపించేది ఇందువల్లే, ప్రోగ్రామింగ్ ఏమీ అక్కర్లేదు.

5 ఓల్టుల చిన్న బ్లోయర్ (ఇదే మన ఫ్యాన్), ఒక 7805 (5 ఓల్టులు ఇచ్చే మూడు కాళ్ల రెగ్యులేటర్), 33 ఓంల రెసిస్టర్ చాలు. డీకోడర్ తీగల్లో ఆకుపచ్చ, ఊదా రెండూ ఫంక్షన్ అవుట్‌పుట్లు. 7805 ఇన్‌పుట్ నీలం తీగకు, మధ్య కాలు ఆకుపచ్చకు. హీటర్ కూడా నీలానికీ ఆకుపచ్చకూ మధ్యనే ఉంటుంది. ఫ్యాన్ ఎర్ర తీగ 7805 అవుట్‌పుట్‌కు, నల్ల తీగ 33 ఓంల మీదుగా ఆకుపచ్చకు. అదే నల్ల తీగను ఊదా తీగకు నేరుగా కూడా కలపండి. ఆకుపచ్చ ఒక్కటే పనిచేస్తే ఫ్యాన్ నిదానం, రెండూ పనిచేస్తే జోరు. ఊదా ఒంటరిగా ఆన్ అయితే మాత్రం హీటర్ కరెంటు 33 ఓంల మీదుగా ఊదాలోకి పోయి, 7805 మధ్య కాలు మూడు ఓల్టులకు పైగా లేస్తుంది, ఫ్యాన్‌కు 5 బదులు 8 ఓల్టుల పైనే తగిలి కాలిపోవచ్చు. అందుకే ఫంక్షన్ మ్యాపింగ్‌లో (ఏ బటన్‌కు ఏ తీగ పనిచేయాలో చెప్పే సెట్టింగ్) కంట్రోలర్ బటన్లలో ఎఫ్7కు ఆకుపచ్చను, ఎఫ్8కు ఆకుపచ్చ, ఊదా రెండింటినీ కేటాయించండి. ఆకుపచ్చకు డిమ్మింగ్ పెట్టొద్దు. నిదానంలో ఫ్యాన్ ఆగిపోతుంటే 33 బదులు 22 ఓంలు వేయండి.

ఫ్యాన్ గదికీ హీటర్ డబ్బాకూ మధ్య 2 మి.మీ. రంధ్రం చాలు, అది నూనె మట్టం కంటే పైన ఉండాలి. పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింట్ చేసిన హుడ్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. డబ్బా చుట్టూ 3 మి.మీ. ఖాళీ వదిలి, హుడ్ లోపల వేడికి తట్టుకునే కాప్టాన్ టేపు అంటించండి. హాట్ గ్లూ కరిగి జారిపోతుంది, ఎక్కువ వేడికి తట్టుకునే సిలికాన్ వాడండి. పొగ తెల్లగానే వస్తుంది, నూనెలో రంగులు కలపకండి. బ్యాక్‌డ్రాప్‌లో ఆకాశాన్ని వెలుతురుగా ఉంచి ముందు లైటు తగ్గిస్తే, పొగ బూడిదరంగులో కనిపిస్తుంది.

అభ్యాసం: హీటర్‌ను బండిలో పెట్టకుండా పింగాణీ పలక మీద ఉంచి 0.1, 0.2, 0.3 మి.లీ. మూడు కొలతలతో నడపండి. ప్రతిసారీ పాత నూనె టిష్యూతో తీసి, పావుగంట చల్లార్చాలి. మొదటి పొగ ఏ సెకనులో వచ్చింది, ఎప్పుడు పలచబడింది, గుడగుడ వినిపించిందా అన్నవి రాసుకోండి. పలచబడగానే కరెంటు ఆపండి, మాడు వాసన దాకా ఆగొద్దు. తర్వాత బాగా కుదిరిన కొలతతో ఎఫ్7 వేసి 20 సెకన్లు ఆగి, ఎఫ్8 మూడు సెకన్లు వేసి తీసేయండి. వరసగా పదిసార్లు చేసి, పదోసారి కూడా మొదటిసారంత పొగ లేచేలా మధ్య విరామాన్ని సరిచూసుకోండి. చివర్లో పట్టాలనూ చక్రాలనూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, నూనె తుంపర పడిన పట్టాల మీద చక్రాలు జారతాయి. 5వ పాఠంలో ఈ విరామాన్నే ఇంజన్ శబ్దంతో కలుపుతాం, ఆ కాగితం పారేయకండి.